అత్తగారు పాతిన ముతుబా

బుకీరి గ్రామం,
మసాకా దగ్గర.

గౌరవనీయులైన అల్లుడుగారు ఫెస్టో లుబ్యాయిగారికి, అత్తగారు ఎసెజా నబటాంజి వ్రాయునది. ఇక్కడ నేనూ, మేకా, అరటితోటా క్షేమం. అక్కడ మీరూ, మా అమ్మాయి రూసీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

అత్తా అల్లుళ్లం ఒకరి మొహం ఒకరం చూడకూడదు, చూస్తే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుంది. కనక ఎదుట చెప్పాల్సిన మాట కాగితం మీద చెబుతున్నాను. మీరు ఎంటెబ్బేలో సర్కారు తోటలో చెట్లకు పేర్లు పెట్టే ఉద్యోగం చేస్తున్నారు గదా. నా పెరట్లో చెట్టుకు ఒక పేరు కావాలి. పేరు నాకు తెలుసు. మీరు రాసి ముద్ర వేస్తే చాలు.

అప్పుడెప్పుడో మేకను కట్టడానికి ఒక గుంజ పాతాను. అది చిగిర్చింది. ఇప్పుడు ఇంటికప్పు దాటి పోయింది. గిల్లితే పాలు కారతాయి, మేడికాయల్లాంటి కాయలు కాస్తుంది. నారబట్టకు బెరడిచ్చే ముతుబా కాకపోతే మరేమిటి? నారబట్ట చేసే కివుంబిని పిలిచి, దీని బెరడు తీసి బట్ట కొట్టి పెట్టవయ్యా అన్నాను. వాడు చెట్టు చుట్టూ తిరిగి, నవ్వి, "ఎసెజా, ముతుబా మగవాడు పాతే చెట్టు. ఆడది పాతితే మొలిచేది మేకగుంజే. దీని మీద వేస్తే నా సుత్తులు నన్ను చూసి నవ్వుతాయి" అన్నాడు. నలుగురిలో అన్నాడు.

మీ మామగారు పోయినప్పుడు వీడు ఇచ్చిన నారబట్ట అతుకులది. గోతిలోకి దించేటప్పుడు అతుకు ఊడి ఆయన భుజం బయటపడింది. నేను చూశాను. ఆ రోజే అనుకున్నాను, నేను పోయేనాడు వీళ్ల చెట్టు బట్ట నా ఒంటిమీద పడకూడదని. నా చెట్టు బట్టలోనే పోతాను. పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, పెట్టె కూడా సర్దుకుని కూర్చున్నాను. ఆ ఒక్క ముక్కా రాసి పంపండి.

ఇట్లు,
మీ అత్తగారు
ఎసెజా నబటాంజి

తా.క. ఆకులు అరటాకులో చుట్టి ఎంటెబ్బే టాక్సీలో పంపుతున్నాను. టాక్సీ డ్రైవరు తినేదేమో అనుకుని విప్పబోయాడు. తిట్టాను. మళ్లీ విప్పితే మళ్లీ తిట్టినట్టే.

*

ఎంటెబ్బే

పూజ్యులైన అత్తయ్యగారికి, అల్లుడు ఫెస్టో మోకరిల్లి నమస్కరించి వ్రాయునది. మేము క్షేమం.

పొట్లం అందింది. అందులో నాలుగు ఆకులున్నాయి. ఒకటి మామిడి. ఒకటి పనస. ఒకటి కాఫీ. నాలుగోది ఏమిటో చెప్పలేను, సగానికి పైగా మేక తినేసింది. ఈ నాలుగూ ఒకే చెట్టుకు మొలిచేటట్టయితే ఆ చెట్టు పేరు చెప్పడం నా వల్ల కాదు. దయచేసి చెట్టుకున్న ఆకులే కోసి పంపించండి.

ఇట్లు,
మీ విధేయుడు
ఫెస్టో

తా.క. మా పై అధికారి ఆ పనసాకు చూసి, పనసచెట్టును కూడా గుర్తుపట్టలేని ఊరు ఏదయ్యా అని అడిగారు. మీ ఊరి పేరు చెప్పలేదు.

*

బుకీరి

మహా విద్యావంతులైన అల్లుడుగారికి అత్తగారు వ్రాయునది. ఇక్కడ అందరూ క్షేమం, ఒళ్లు మండుతున్న నేను తప్ప.

చెట్టుకున్న ఆకులు కోయమన్నారు. ఎవరు కోయాలి? నేనా? ఏ ఆడదైనా చెట్టెక్కడం మీరు చూశారా? ఎక్కితే చెట్టు ఎండిపోతుంది, ఎక్కినదాని పరువు అంతకు ముందే ఎండిపోతుంది. మగవాళ్లను పిలుద్దామంటే ఒక్కడూ రాడు, అందరూ కివుంబి పక్కనే. అందుకే చెట్టు కింద రాలినవి ఏరి పంపాను. ఏ ఆకు ఎక్కణ్ణుంచి ఎగిరొచ్చిందో ఒక్కొక్కదాన్ని ఆపి అడగమంటారా?

నేను అడిగింది ఒక్క మాట. "ఇది ముతుబా." ఆ మాటకు ఆకులెందుకు? మీరు మా అమ్మాయిని అడగడానికి వచ్చినప్పుడు మీ వంశం వాళ్లు మీ గురించి ఎన్ని చెప్పారు! ఒక్కదానికైనా ఆకు చూపించమన్నామా?

ఇట్లు,
చెట్టెక్కని మీ అత్తగారు

తా.క. మా మేకను అన్నారు. అది తిన్నదే అసలు ఆకు అయివుంటుంది. దానికి మీకంటే బాగా తెలుసు.

*

ఎంటెబ్బే

పూజ్యులైన అత్తయ్యగారికి, ఫెస్టో మళ్లీ మోకరిల్లి వ్రాయునది.

కోపగించుకోకండి. నన్ను పెంచిన మామ్మ పేరు రాసి ఇమ్మన్నా సరే, సాక్ష్యం చూడకుండా ఈ ముద్ర వెయ్యలేను. ఇలా చేయండి. పొడుగు కర్రకు కొడవలి కట్టి ఒక కొమ్మ లాగండి. కాయలను చీల్చి చూడండి. లోపల సన్నసన్నని పురుగులుంటాయి, భయపడకండి, ఈ జాతి కాయలన్నిటిలోనూ ఉంటాయి. అవి లేనిదే ఈ చెట్లకు విత్తనమే పట్టదు. తరవాత మొదలు చుట్టూ తాడు పెట్టి కొలిచి, ఆ తాడు పంపించండి.

ఇట్లు,
ఫెస్టో

తా.క. మీ ఉత్తరాలు చదివి రూసి పొద్దస్తమానం నవ్వుతోంది. ఎందుకని అడిగితే చెప్పదు.

*

బుకీరి

అల్లుడుగారికి అత్తగారు వ్రాయునది. క్షేమం సంగతి తరవాత.

కర్రతో లాగాను. కొమ్మ నా నెత్తినే పడింది. అదే పంపుతున్నాను, నా జుట్టు ఏమైనా చిక్కుకుని ఉంటే అది చెట్టుది కాదు. కాయలు చీల్చాను. పురుగులే. నా పెరట్లో పురుగులున్నాయని నాతోనే ఒప్పించాలని మీ ఎత్తు. ఈ ఊళ్లో నా అంత శుభ్రంగా ఇల్లు ఊడ్చేది ఎవరో వచ్చి చూసుకోండి. రాకూడదు గదా, బతికిపోయారు.

కొలత అడిగారు. ఉన్న ఒక్క తాడూ మేక మెడకుంది. విప్పితే కాఫీ మొక్కలు మిగలవు. అందుకని నా గోమెసి గౌను నడికట్టుతో కొలిచాను. ముడి వేసి పంపుతున్నాను. ఇప్పుడైనా రాస్తారా, ఇంకా చెట్టు చేత ప్రమాణం చేయించాలా?

ఇట్లు,
నెత్తి బొప్పి కట్టిన మీ అత్తగారు

తా.క. ముడి దాకా ఉన్నది చెట్టు కొలత. ముడి దాటినదంతా నా కొలత, దాన్ని పట్టించుకోకండి. ఆదివారం చర్చికి కట్టుకోవాలి, నడికట్టు వెంటనే తిప్పి పంపండి.

*

ఎంటెబ్బే

అత్తయ్యగారికి, ఫెస్టో వ్రాయునది. అక్షరాలు వంకరగా ఉంటే కారణం కింద చెబుతున్నాను.

అత్తయ్యగారూ, మీరేం చేశారో మీకు తెలుస్తోందా? నడికట్టు! అత్తగారి ఒంటిమీది నడికట్టు! మీ ఉత్తరం కంటే ముందు నేను పొట్లం విప్పాను. కార్యాలయంలో అందరూ చూస్తుండగా రెండు చేతులా పట్టుకుని సాగదీసి, కొలబద్ద పక్కన పరిచాను. గుమాస్తా వచ్చి, "సార్, ఇది ఎవరి నడికట్టు?" అన్నాడు. "చెట్టుది" అన్నాను. ఆ తరవాత ఉత్తరం చదివాను. అప్పటినుంచీ కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పు పట్టుకుంటే సాసరు మీద డప్పు వాయించినట్టుంది. మా పెదనాన్నకు ఇలాగే మొదలైందట, ఆయన తన అత్తగారి చెప్పు దాటాడు, అంతే.

ఇక చెట్టు సంగతి. వణుకుతున్న చేత్తోనే అయినా నిజం రాయాలి. ముతుబా ఆకు చిన్నది, కొస మొద్దుగా ఉంటుంది. మీ కొమ్మ ఆకులు అరచెయ్యంత వెడల్పు, మొదట్లో నొక్కుపడి ఉన్నాయి. కాయల మీద మచ్చలున్నాయి. అత్తయ్యగారూ, ఇది ముతుబా కాదు. ఏమిటో చెప్పాలంటే పైకొమ్మ, లేతచిగురుతో సహా, నా కళ్లతో చూడాలి. కాదన్నది మాత్రం ఖాయం.

ఇట్లు,
నిజం తప్ప రాయలేని
ఫెస్టో

తా.క. నడికట్టును పటకారుతో సంచిలో వేశాను. రూసి చేత టాక్సీలో వేయిస్తున్నాను. దయచేసి మీ ఒంటిమీది వస్తువు ఇంకేదీ పంపకండి.

*

బుకీరి

ఏమయ్యా ఫెస్టో! నీ అత్తగారు వ్రాయునది. నీకు ఇక "గారు" లేదు.

నీ ఉత్తరాన్ని ఆ డ్రైవరు నాకివ్వలేదు. కివుంబి బట్టలు కొట్టే పాకలో ఇచ్చిపోయాడు. కివుంబి దాన్ని పైకి చదివాడు. అరటిసారా తాగుతున్న ఊరి మగాళ్లంతా విన్నారు. "ఇది ముతుబా కాదు" అన్నచోట ఆగి, మళ్లీ చదివాడట. పిల్లికూతలు కూశారట. నడికట్టు ముక్క కూడా చదివాడు! ఇప్పుడు నేను బావికి పోతుంటే "ఎసెజా, చెట్టుకు గోమెసి కుట్టించావా?" అని అడుగుతున్నారు.

నీ చెయ్యి వణుకుతోందా? వణకనీ! నా కడుపు రగిలిపోతోంది, దానికి ఎవరికి రాసుకోను? నిజమట నిజం! గోతిలోకి దిగేటప్పుడు నీ నిజం కప్పుకుని దిగమంటావా? మీ మామ భుజం బయటపడితే ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ చూడలేదు. నేనొక్కదాన్నే చూశాను. అది ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. నీకు అదంతా ఆకు వెడల్పులో కనపడదు.

కళ్లతో చూడాలన్నావు గదా, వచ్చి చూడు! శనివారం నేను మా అక్క ఇంటికి పోతాను. నువ్వు ఆ పూట రా. చెట్టెక్కు. చిగుళ్లే కోస్తావో, కొమ్మ మీద పడుకుని కలలే కంటావో. నేను వచ్చేలోగా దిగిపో. గడప తొక్కకు.

ఇట్లు,
నీ అత్తగారు, ఖర్మకాలి

తా.క. అరటాకులో మటోకే అరటి ముద్ద, వేరుసెనగ పులుసు గడప బయట పెట్టి వెళతాను. తిను. ఎవరు వండారో ఆలోచించకు.

*

ఎంటెబ్బే

అత్తయ్యగారికి, ఫెస్టో వ్రాయునది. ఈసారి మోకరిల్లలేదు, మోకాలు వంగడం లేదు.

నేను ఈ ఉద్యోగంలో పాములను చూశాను, చీమలపుట్టలో పడ్డాను. కానీ చెట్టు మీద ఉండగా దెబ్బలు తినడం ఇదే మొదలు. మీరు చెప్పినట్టే శనివారం వచ్చాను. ఎక్కాను. పైకొమ్మ దాకా పోయి చిగురు కోస్తున్నాను. కింద కేక! "దొంగవెధవా! నా చెట్టు నరకడానికి కివుంబి పంపాడా నిన్ను!" చూస్తే మీరు. చేతిలో మట్టిగడ్డలు. నేను మీ అల్లుణ్ణి అని చెబుదామంటే అత్తగారి మీద గొంతు ఎత్తకూడదు. మొహం చూపిద్దామంటే అసలే కూడదు. కొమ్మను కౌగిలించుకుని, ఆకుల్లో తల దూర్చుకుని, గడ్డలు తింటూ ఉన్నాను. ఒకటి చెవి మీద. రెండు వీపు మీద. మీ గురి మెచ్చుకోవాల్సిందే.

చివరకు ఒక గడ్డ మోచేతికి తగిలి జారాను. ప్యాంటు కొమ్మకు చిక్కుకుని పైనే ఉండిపోయింది. నేను మాత్రం కిందికి వచ్చాను. మీ ఎదురుగా. మీరు చూశారు. చూసి, నడికట్టు కొస మొహం మీదికి లాక్కుని వెల్లకిలా పడిపోయారు. మీ అరుపులకు వచ్చిన ఊరంతా నన్ను చూసింది. కివుంబి తన తువ్వాలు ఇచ్చాడు. అత్తయ్యగారూ, కివుంబి తువ్వాలు కట్టుకుని మసాకా దాకా వెళ్లాను!

ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి. రూసి ఈ ఉత్తరం రాసిపెడుతోంది, మధ్యమధ్య నవ్వుతోంది. అక్క ఇంటికి పోతానని రాసి, ఎందుకు తిరిగొచ్చారు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

ఇట్లు,
మానం పోయిన
ఫెస్టో

తా.క. ప్యాంటు ఇంకా చెట్టు మీదే ఉంది. జేబులో ఇంటి తాళంచెవి ఉంది. మేము కిటికీలోంచి లోపలికి వెళుతున్నాం.

*

బుకీరి

ఫెస్టో, నీ అత్తగారు వ్రాయునది.

ఎందుకొచ్చానా? మా అక్క ఇంట కూర్చున్నానో లేదో, "నువ్విక్కడుంటే అక్కడ నీ చెట్టు నరికేస్తారే, ఊళ్లో అనుకుంటున్నారు" అంది. ఇంకేం ఆగుతాను? పరిగెత్తుకొచ్చాను. వచ్చేసరికి చెట్టు మీద మనిషి. నువ్వు పొద్దున్నే వచ్చి పోయివుంటావనుకున్నాను. మధ్యాహ్నం దాకా చెట్టెక్కి కూర్చునే అల్లుడు ఉంటాడని నాకేం తెలుసు? ముందు మటోకే తిని, కునుకు తీసి ఎక్కావట గదా! ఎదురింటావిడ చెప్పింది.

పెద్దలు కూర్చున్నారు. అల్లుడు అత్తగారిని చూడరాని తీరులో చూస్తే, అల్లుడు ఆవిడకు నారబట్ట కప్పాలి, జబ్బు పోవాలంటే అదే దారి. కానీ ఇక్కడ చూసినది అత్తగారు. ఇలాంటిది మా తాతల నాడు కూడా జరగలేదట. కివుంబే తీర్పు చెప్పాడు, నవ్వు పెదాల కింద దాచుకుని. "చూసినవాళ్లు కప్పాలి. ఎసెజా, అల్లుడికి నారబట్ట నువ్వే ఇవ్వాలి. నా దగ్గర కొనుక్కో."

అప్పుడు లేచాను. "కప్పేది నేనైతే బట్ట నా చెట్టుదే. అత్తగారి చెట్టు బట్ట కావాలి గానీ, నీ చెట్టుది అయితే జబ్బు నీకే అంటుకుంటుంది" అన్నాను.

"అది ముతుబా కాదు గదా ఎసెజా, నీ అల్లుడే రాశాడు" అన్నాడు కివుంబి.

"ముతుబా బట్టే కప్పాలని ఏ తాత చెప్పాడు? నారబట్ట అన్నారు. దానికి బెరడుంది, నీకు సుత్తి ఉంది. నా బిడ్డ మొగుడు అక్కడ వణుకుతూ ఉంటే నువ్విక్కడ పేరు అడుగుతావా?"

పెద్దలు తలలూపారు. కివుంబి మొహం చూడాల్సింది. సోమవారం పొద్దున వచ్చి, గొణుక్కుంటూ బెరడు తీశాడు. ఒక్క ముక్కగా ఊడి వచ్చింది, చినగలేదు. నేనే అరటాకులతో చెట్టు ఒళ్లంతా కట్టాను. పసిపిల్లకు నీళ్లు పోసి చుట్టినట్టు కట్టాను. ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియలేదు. వాడి ముందు ఏడవలేదు.

బట్ట టాక్సీలో వస్తోంది. కప్పుకో. నా కోసం అనుకున్న బట్ట అది. తిట్టుకుంటూ పంపుతున్నాను.

ఇట్లు,
నీ అత్తగారు

తా.క. నీ ప్యాంటు కోసం ఎవరూ ఎక్కడం లేదు. ఒక పిట్ట దాంట్లో పుల్లలు పెడుతోంది. పిల్లలు ఎగిరిపోయాక చూద్దాం, అందాకా కిటికీ వాడండి.

*

ఎంటెబ్బే

పూజ్యులైన అత్తయ్యగారికి, ఫెస్టో మోకరిల్లి వ్రాయునది. మోకాలు వంగింది.

బట్ట అందింది. రూసి నా భుజాల మీద కప్పింది. ఎర్రమట్టి రంగు, పొగవాసన. కొంచెం గరుకుగా ఉంది. ఆ రాత్రి వణుకు లేకుండా పడుకున్నాను. పొద్దున టీ కప్పు చప్పుడు చేయలేదు. రూసి నవ్వడం మానేసి, మామగారి భుజం సంగతి మళ్లీ గుర్తు చేసింది. "ఆ రోజు నువ్వు అంత్యక్రియల్లో వెనక నిలబడ్డావు, అమ్మ వైపు చూడకూడదని తల దించుకున్నావు, అందుకే నీకు ఏదీ కనపడలేదు" అంది. నాకు సిగ్గేసింది.

పడుతూ కూడా ఆ చిగురు వదల్లేదు నేను. మా దగ్గరున్న ఎండు కొమ్మలన్నిటితో పోల్చి చూశాను. దేనితోనూ కలవలేదు. పుస్తకాల్లో లేదు. మా పై అధికారి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూసి, ఇలాంటి మేడిజాతి చెట్టును నేనెరగనయ్యా అన్నారు. అది ఏ అడవిలోంచి కొట్టిన గుంజో ఇక ఎవరూ చెప్పలేరు.

అయినా, మీరు అడిగిన కాగితం దీంతో జత చేశాను. "బుకీరి గ్రామవాసి ఎసెజా నబటాంజిగారి పెరటి చెట్టు ముతుబా అని ధ్రువీకరించడమైనది." సంతకం ఉంది. ముద్ర ఉంది. కివుంబికి చూపించండి. మళ్లీ మళ్లీ చదవమనండి.

ఇట్లు,
మీ అల్లుడు
ఫెస్టో

తా.క. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం ఇది. చెయ్యి వణకలేదు.

*

బుకీరి

ఫెస్టో, తెలివితక్కువవాడా, నీ అత్తగారు వ్రాయునది.

నీ కాగితం చించి పొయ్యిలో వేశాను. ముద్ర కాసేపు ఉండి కాలింది.

ఇన్నాళ్లూ ముతుబా అని రాయవయ్యా అంటే నిజం నిజం అని నా ప్రాణం తోడావు. ఇప్పుడు, ఇప్పుడా రాసేది? ఇక్కడేం జరిగిందో తెలుసా? అప్పుడు నీకు రాయలేదు గానీ, కివుంబి ఆ బెరడును పాకలో పరిచి సుత్తి వేశాడు. వేసినకొద్దీ సాగింది. మామూలు బెరడు సాగేదానికి రెండింతలు సాగింది. ఎండలో వేస్తే కాగిన మట్టికుండ రంగు తిరిగింది. పాక చుట్టూ మూగిన మగాళ్లు దాన్ని తడిమి తడిమి చూశారు. కివుంబి సుత్తి కింద పెట్టి, నా వైపు చూడకుండా, "ఎసెజా, నాటుకోవడానికి ఒక కొమ్మ ఇస్తావా?" అన్నాడు.

"మేకగుంజ కొమ్మ నీకెందుకయ్యా?" అన్నాను.

"అమ్మా" అన్నాడు! కివుంబి, నన్ను!

రోజూ ఒకడు వస్తున్నాడు. ఒక్క కొమ్మ తల్లీ, చిన్న కొమ్మ తల్లీ అని. ఇప్పుడు నీ కాగితం చూపిస్తే ఏమంటారు? "ఓస్, ముతుబాయేనా, మా పెరట్లోనూ ఉందిలే" అని పోతారు. కాబట్టి మర్యాదగా కొత్త కాగితం రాసి పంపు. ఇది ముతుబా కాదు, ఏ పుస్తకంలోనూ లేదు, ఎసెజా నబటాంజి అనే ఆడది తన చేత్తో పాతింది, కొమ్మ కావాలంటే ఆమెనే అడగాలి. అక్షరం తగ్గకూడదు. ముద్ర పెద్దది వెయ్యి. నిజమే గదా, ఇప్పుడేం నొప్పి?

నీ మీద కోపం పోలేదు. ఊళ్లో ఒక్క మగాడు ఎక్కని నా చెట్టు నువ్వు ఎక్కావు. నా చేతి గడ్డలు తిని కూడా ఆ చిగురు వదల్లేదు. నా కోసం అబద్ధం కూడా రాశావు. ఇలాంటివాడి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు? అందుకే ఇంకా కోపంగా ఉంది.

నీకు పంపిన బట్ట నీదే, తిప్పి పంపకు. మొదటి బెరడు ఎప్పుడూ గరుకేనట, కివుంబి చెప్పాడు. చెట్టు మానాక మళ్లీ తీస్తే మెత్తబడుతుందట, ఆ తరవాత తీసింది ఇంకా మెత్తన, అలా ముసలిదయ్యేకొద్దీ పట్టులా దిగుతుందట. విని ఆలోచించాను. ఇప్పుడే పోతే గరుకుబట్టలో పోవాలి. ఇంత గొడవపడి గరుకుబట్టా? సర్దిపెట్టిన పెట్టె విప్పేశాను. మంచి గోమెసి తీసి కట్టుకుని తిరుగుతున్నాను. ఊళ్లో చావులకు పిలిస్తే పోతాను గానీ, నా సంగతి మాత్రం చెట్టు తేల్చాలి.

ఇట్లు,
ఇప్పట్లో పోయే ఉద్దేశం లేని నీ అత్తగారు
ఎసెజా నబటాంజి

తా.క. అత్తగారు పోతే అల్లుడు నారబట్ట తెచ్చి కప్పాలి గదా. ఆ రోజు నా చెట్టు బట్టే తే, అన్నిటికంటే మెత్తనిది చూసి తే. భుజాలు నువ్వే దగ్గరుండి కప్పు, ఇంకొకళ్లకు వదిలిపెట్టకు. కప్పే ముందు ఒక్కసారి తలెత్తి నా మొహం చూడు. ఆచారం ఒప్పుకోదని కివుంబి అంటాడు. నేను ఒప్పుకుంటున్నాను.